ఒక్క థౌ తేడా



నాలుగు వారాలుగా ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర మీరు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే: "అయ్యగారూ, కారు ఎప్పుడు బయటికొస్తుంది?" జూన్ రెండో ఆదివారానికి తిరుగుతుందని పుల్పిట్ మీద నుంచి చెప్పింది నేనే. జూన్ అయిపోయింది, జూలై కూడా సగం గడిచింది. "బోరింగ్ షాపు వాళ్ళు లేటు చేశారండి" అని మీలో కొంతమందితో అన్నాను. అది సగం నిజమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. మీ డబ్బుతో జరుగుతున్న పని, లెక్క చెప్పాలి. డబ్బు లెక్క సంఘ పెద్దల దగ్గర ఉంది. ఇది ఇంకో లెక్క.

మా నాన్నగారి అంబాసిడర్ మీకు తెలియంది కాదు. 1986 మోడల్. రైసుమిల్లు యజమాని దగ్గర ఆయన ముప్ఫై ఏళ్ళు డ్రైవరుగా చేశారు. పని మానేసిన రోజున ఆ యజమాని కారు తాళాలు ఆయన చేతిలోనే పెట్టారు. 2013లో నాన్న ప్రభువునందు నిద్రించాక అది వేపచెట్టు కింద ఆగిపోయింది. కోళ్ళు దాని కింద గుడ్లు పెట్టాయి, సండే స్కూలు పిల్లలు స్టీరింగు తిప్పి ఆడుకున్నారు. పోయిన డిసెంబరులో మన సహోదరి ఒకామె పురిటి నొప్పులతో రాత్రి గంటన్నర సేపు ఆటో కోసం రోడ్డు మీద కూర్చున్న సంగతి మీరు మర్చిపోయి ఉండరు. దేవుడి దయవల్ల తల్లీబిడ్డా క్షేమం. ఆ తర్వాతి ఆదివారమే మీరు "ఆ కారు బాగుచేయించండి, రాత్రిపూట అక్కరకు వస్తుంది" అని డెబ్బై వేలు పోగుచేసి ఇచ్చారు. ఇంజను విప్పి చూస్తే పూర్తిగా బోరుకొచ్చేసింది.

సెమినరీకి వెళ్ళకముందు నేను మూడేళ్ళు గ్యారేజీలో పనిచేశానని మీలో పాతవాళ్ళకు తెలుసు. నాకు పని నేర్పిన మేస్త్రి గారికి ఇప్పుడు డెబ్బై దాటాయి. చేతులు వణుకుతాయి, చూపు ఆనదు. అయినా కబురు పెట్టగానే బస్సెక్కి వచ్చి మా షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అప్పట్లో నన్ను "ఒరేయ్" అనేవారు. పాస్టర్నయ్యాక "అయ్యగారూ" అంటున్నారు. వద్దన్నా వినరు. "పని మీది, మాట నాది" అని మొదటిరోజే చెప్పేశారు.

ఆ ఇంజను గురించి రెండు మాటలు చెప్పాలి. అంబాసిడర్ పెట్రోలు ఇంజను ఇంగ్లండులో బీఎంసీ కంపెనీ చేసిన బి-సిరీస్ ఇంజను. కారు కూడా అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ నుంచి వచ్చిందే. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 2014 దాకా ఆ కారు తయారుచేశారు. ఇంజను 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, ఒక్కో సిలిండరు వ్యాసం 2.875 అంగుళాలు, అంటే 73.025 మిల్లీమీటర్లు. ఇంగ్లీషువాళ్ళ కొలతలు కాబట్టి మన మేస్త్రీలు ఇప్పటికీ దాన్ని అంగుళాల్లోనే, అంగుళంలో వెయ్యో వంతుల్లోనే మాట్లాడతారు. ఆ వెయ్యో వంతునే "థౌ" అంటారు. మన తలవెంట్రుక మందంలో అది సుమారు మూడో వంతు. కంటికి కనపడదు, వేలికి తెలియదు. కానీ ఇంజనుకు తెలుస్తుంది.

సిలిండరు అరిగినప్పుడు అన్నిచోట్లా ఒకేలా అరగదు. పైభాగంలో, రింగులు తిరిగి వెనక్కి మళ్ళే చోట వేడి ఎక్కువ, ఆయిల్ తక్కువ. అక్కడ ఎక్కువ అరుగుతుంది. కనెక్టింగ్ రాడ్ పిస్టన్‌ను పక్కకు నెట్టే దిక్కులో ఇంకొంచెం ఎక్కువ. అందుకే సిలిండరును పైన, మధ్యలో, కింద మూడుచోట్ల, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలవాలి. ఒక్కో సిలిండరుకు ఆరు, మొత్తం ఇరవై నాలుగు కొలతలు. నోటుబుక్కులో గళ్ళు గీసి రాసుకున్నాను. నాన్న హయాంలోనే ఇరవై సైజుకు బోర్ చేసి ఉంది. ఇప్పుడు పైన ఆరు థౌ అరిగింది. ముప్ఫై సైజుకు వెళ్ళక తప్పదు.

"ముందు పిస్టన్లు కొనండి, తర్వాత బోరుకు ఇవ్వండి" అన్నారు మేస్త్రి. డబ్బా మీద ముప్ఫై అని ఉంటుంది గానీ నాలుగు పిస్టన్లూ అచ్చంగా ఒకటే ఉండవు. ఒక్కో పిస్టన్ కొలిచి, దాని సిలిండరును దానికి తగ్గట్టు కోయాలి. పిస్టన్ అడుగుభాగానికీ సిలిండరు గోడకూ మధ్య రెండు థౌ దగ్గర ఖాళీ ఉండాలి. తక్కువైతే వేడెక్కి పట్టేస్తుంది. ఎక్కువైతే టకటక కొట్టి ఆయిల్ తాగుతుంది. పిస్టన్లూ బ్లాకూ క్రాంకూ అన్నీ తీసుకెళ్ళి విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో ఇచ్చాను. పేరు రాయను, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మే నెల మూడో వారంలో పని అయిందని ఫోను వచ్చింది. బ్లాకు ముందురోజే ట్రాలీ ఆటోలో వచ్చి షెడ్డులో నీడన, సిమెంటు గచ్చు మీద ఉంది. మర్నాడు మధ్యాహ్నం నేను బిల్లు కట్టి, పిస్టన్లు బైకు పక్కడబ్బాలో వేసుకుని ఎండలో బయల్దేరాను. ఇంటికి రాగానే అన్నం కూడా తినకుండా కొలిచాను. ఖాళీ రెండు థౌ ఉండాల్సిన చోట ఒకటే ఉంది. రెండో సిలిండరు, మూడోది, నాలుగోది, అన్నీ అంతే.

నాకు కోపం వచ్చింది. షాపాయనకు ఫోను చేసి గట్టిగా మాట్లాడాను. "నమ్మి ఇస్తే ఇదా పని? దేవుడి పని కోసం పేదవాళ్ళు ఇచ్చిన డబ్బండీ ఇది" అన్నాను. ఆయన "మేం సరిగ్గానే కోశామండీ, మళ్ళీ చూసుకోండి" అన్నాడు. నేను వినలేదు. ఆయన మాట పూర్తికాకముందే ఫోను పెట్టేశాను. ఆ ఫోను మాటలు మా ఇంట్లో అమ్మగారు కూడా విన్నారు. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి వచ్చారు. సంగతి విని ఒక్క ప్రశ్న అడిగారు.

"పిస్టన్లు ఎట్టా తెచ్చారు?"

"బైకు డబ్బాలో."

"ఎండలోనా?"

ఇంకేమీ అనలేదు. రాత్రంతా బ్లాకు పక్కనే ఉన్న పిస్టన్లను చూపించి "ఇప్పుడు కొలవండి" అన్నారు. ముందు మైక్రోమీటరుకు దానితో వచ్చిన రెండు అంగుళాల ప్రమాణం కడ్డీ పెట్టి సున్నా సరిచూసుకున్నాను. ఆ పని నిన్న చెయ్యలేదు. తర్వాత పిస్టన్ కొలిచాను. ఖాళీ సరిగ్గా రెండు థౌ వచ్చింది. నాలుగింటికీ అంతే.

పిస్టన్ అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుముకు రెట్టింపు పెరుగుతుంది. 73 మిల్లీమీటర్ల పిస్టన్ బ్లాకు కంటే పదిహేను డిగ్రీలు వేడిగా ఉంటే దాదాపు ఒక థౌ లావెక్కుతుంది. మే నెల ఎండలో ఇనప డబ్బా సంగతి మీకు నేను చెప్పాలా? షాపు వాళ్ళ పనిలో తప్పు లేదు. వేడి పిస్టన్‌ను, వేడి తలతో కొలిచింది నేను.

షాపాయనకు ఫోను చేసి క్షమించమని చెప్పాలని అనుకున్నాను. రేపు చేద్దాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

ఆ వారం మిగతా పని చకచకా సాగింది. ఒక్కో రింగును సిలిండరులో పెట్టి, పిస్టన్‌తో నిటారుగా నెట్టి, కొసల మధ్య సందును ఫీలరు గేజితో చూశాను. బోరు అంగుళానికి నాలుగు థౌ చొప్పున పదకొండూ పన్నెండూ వచ్చాయి. ఆ సందు లేకపోతే రింగు వేడికి సాగి, కొసలు ఢీకొని విరిగి, గోడను గీసేస్తుంది. తర్వాత క్రాంకు. ఆ ఇంజను క్రాంకుకు మూడు మెయిన్ బేరింగులు, నాలుగు బిగ్ ఎండ్ బేరింగులు. షాపు వాళ్ళు క్రాంకును ఇరవై అండర్ సైజుకు గ్రైండ్ చేసి ఇచ్చారు. పిన్ను వ్యాసంలో అంగుళానికి ఒక థౌ చొప్పున బేరింగుకు ఆయిల్ ఖాళీ ఉండాలని పాత లెక్క. మన పిన్ను రెండు అంగుళాల లోపే కాబట్టి ఒకటి నుంచి రెండు థౌ మధ్య ఉంటే మంచిది.

ఆ ఖాళీ చూడడానికి ప్లాస్టిగేజ్ అని సన్నని మైనం దారం లాంటిది వస్తుంది. ఆన్‌లైన్లో తెప్పించాను. పిన్నును పొడిగా తుడిచి, దారం ముక్క అడ్డంగా పెట్టి, క్యాపు బిగించాలి. టార్క్ రెంచితో 35 పౌండ్ అడుగుల బిగువు. ఆ తర్వాత క్రాంకును కదిలించకూడదు. క్యాపు విప్పితే దారం నలిగి పరుచుకుని ఉంటుంది. ఖాళీ తక్కువైతే వెడల్పుగా, ఎక్కువైతే సన్నగా. కవరు మీద అచ్చేసిన గీతలతో పోల్చి చూడాలి.

ఒకటో నంబరు బాగుంది. రెండు బాగుంది. మూడో నంబరులో దారం ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా నలిగింది. ఒకవైపు ఒకటిన్నర థౌ, రెండోవైపు రెండున్నర. పిన్ను ఏటవాలుగా గ్రైండ్ అయింది. ఒక్క థౌ తేడా. అర థౌకు మించి ఉండకూడదు.

అది మంగళవారం. మేస్త్రి ఆ రోజు రాలేదు. షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఆ నలిగిన దారాన్ని గుడ్డతో తుడిచేశాను. జూన్ రెండో ఆదివారానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. మళ్ళీ గ్రైండింగు అంటే నాలుగు పిన్నులూ ముప్ఫైకి దించాలి, బేరింగులు కొత్తవి కొనాలి. పైగా ఏ మొహం పెట్టుకుని ఆ షాపుకు వెళ్ళను? ముందు తప్పుడు ఫిర్యాదు చేసి అరిచినవాణ్ణి, ఇప్పుడు నిజమైన ఫిర్యాదు తెస్తే ఎవరు నమ్ముతారు? నాలో నేను అనుకున్నాను: "ఒక్క థౌ. వెంట్రుకలో మూడో వంతు. ఏమవుతుంది?"

అనుకోగానే చేతులు ఆగిపోయాయి. ఆ మాట నేను అంతకుముందు ఒకసారి అన్నాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు.

ఒక టాక్సీ అంబాసిడర్‌కు రాత్రిపూట బేరింగులు వేస్తున్నాం. తెల్లవారి అతనికి పెళ్ళివారి కిరాయి ఉంది. మేస్త్రి నమాజుకు వెళ్తూ "ప్రతిదీ చూసి బిగించరా" అని చెప్పి వెళ్ళారు. మూడింటిని చూశాను. ఒకదాన్ని చూడకుండానే బిగించేశాను. నిద్ర వస్తోంది. ఒక్కటే కదా, ఏమవుతుంది అనుకున్నాను. ఆ కారు నాలుగో రోజు రోడ్డు మీద ఆగింది. బేరింగు తిరిగిపోయి, కనెక్టింగ్ రాడ్ బ్లాకు గోడను పగలగొట్టుకుని బయటికొచ్చింది. మనుషులకు ఏమీ కాలేదు. కానీ ఆ డ్రైవరు అప్పు మీద కొన్న కారు అది. మేస్త్రి ఒక్క మాట అనకుండా పాత బ్లాకు ఒకటి కొని, తన ఖర్చుతో ఇంజను మళ్ళీ కట్టి ఇచ్చారు. దానికోసం తన చేతక్ స్కూటరు అమ్మేశారు. ఏడాది పాటు సైకిలు మీద షాపుకు వచ్చారు. నేను రోజూ ఆ సైకిలు చూశాను. నోరు విప్పలేదు. తర్వాత సెమినరీకి వెళ్ళాను, డిప్లొమా వచ్చింది, పాస్టర్నయ్యాను. మీ ముందు ఎన్నోసార్లు ఒప్పుకోలు గురించి మాట్లాడాను.

బుధవారం మేస్త్రి వచ్చారు. ముందు మూడో నంబరు సంగతి చెప్పాను. దారం తుడిచేసిన సంగతీ చెప్పాను. ఆపైన ఇరవై ఏడేళ్ళ నాటి సంగతి కూడా చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశారు.

"నాకు తెలుసు కదరా" అన్నారు.

ఇన్నేళ్ళ తర్వాత "రా" అన్నారు. ఆ గ్యారేజీలో ఆయన నియమం ఒకటుండేది. బేరింగు కొలిచి, టార్కు చూసి బిగించాక క్యాపు మీద తెల్లరంగుతో చిన్న చుక్క పెట్టాలి. విరిగిన ఇంజను విప్పినప్పుడు మూడు క్యాపుల మీదే చుక్కలున్నాయట.

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఏం లాభం? డబ్బులు నువ్వు కట్టేవాడివా?" అని నవ్వారు. కాసేపటికి మళ్ళీ ఆయనే అన్నారు: "నిన్ను ఒక్కణ్ణీ వదిలి వెళ్ళింది నేనే కదా. వచ్చాక చుక్కలు చూసుకోవాల్సింది నేను."

నేను మోసిన బరువు తప్పని నాకు తెలుసు. ఆయన కూడా అందులో ఒక వైపు పట్టుకుని మోశారని ఆ రోజే తెలిసింది.

ద్వితీయోపదేశకాండం ఇరవై ఐదో అధ్యాయంలో సంచిలో రెండు రకాల తూనికరాళ్ళు, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ ఉంచుకోవద్దన్న ఆజ్ఞ ఉంది. వడ్ల కాటాల గురించి, రేషను షాపుల గురించి ఆ భాగం మీద నేను మీకు ఎన్నోసార్లు వాక్యం చెప్పాను. నా షెడ్డులో ఉన్న రెండు రాళ్ళు నాకు కనపడలేదు. షాపాయన పనిలో ఒక థౌ తేడా ఉందనుకున్నప్పుడు దేవుడి పేరెత్తి అరిచాను. నా ఆదివారం ఆలస్యమయ్యేటప్పుడు అదే ఒక థౌను గుడ్డతో తుడిచేశాను. మైక్రోమీటరు ఒకటే. కొలిచే మనసు రెండుగా ఉంది.

గురువారం క్రాంకును గోనెసంచిలో చుట్టి, మైక్రోమీటరూ దాని ప్రమాణం కడ్డీ తీసుకుని ఆటోనగర్ వెళ్ళాను. క్రాంకు సంచి విప్పకముందే షాపాయనకు పిస్టన్ల సంగతి చెప్పాను. తప్పు నాదేనని, ఎండలో తెచ్చి కొలిచానని, అరిచినందుకు క్షమించమని అడిగాను. ఆయన పనివాళ్ళందరి ముందూ అడిగాను, ఎందుకంటే నా అరుపులు వాళ్ళూ విన్నారు. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సంచిలో ఏముందండీ?" అన్నాడు.

క్రాంకును వాళ్ళ బల్ల మీద పెట్టి గంటసేపు కూర్చున్నాం, షాపులోని గాలికి, వేడికి అది కుదురుకునేదాకా. నేను అడగలేదు, ఆయనే అన్నాడు. ఆ తర్వాత నా మైక్రోమీటరు కాకుండా తన దానితో, తన చేత్తో కొలిచాడు. మూడో పిన్ను, ఒక చివర, ఇంకో చివర. మళ్ళీ ఒకసారి. ఆపైన కుర్రాణ్ణి పిలిచి చూపించాడు. "మాదేనండీ" అన్నాడు. నాలుగు పిన్నులూ ముప్ఫైకి దించిన గ్రైండింగుకు డబ్బు తీసుకోలేదు. బేరింగుల డబ్బు మాత్రం నేను కట్టాను. అది మీ కానుకలోంచి కాదు, నా జేబులోంచి, ఎందుకంటే అందులో నా పాలు ఉంది. మొదటిరోజు ఫోనులో అరవకుండా ఉండి, క్రాంకును కూడా అప్పుడే కొలిచి ఉంటే మూడు వారాలు కలిసొచ్చేవి.

అందుకే ఆ షాపు పేరు రాయలేదు. తప్పు చేయడం మనుషులందరికీ ఉన్నదే. తన కొలతబద్దతో తన తప్పును తానే కొలిచి "మాదేనండీ" అన్న మనిషిని నేను ఎక్కువమందిని చూడలేదు. నాకు ఆ మాట అనడానికి ఇరవై ఏడేళ్ళు పట్టింది. ఆయనకు గంటన్నర పట్టింది.

ఇంజను కట్టడం పోయిన శనివారానికి అయింది. ప్రతి క్యాపునూ దాని నంబరు రాడ్డుకే పెట్టాం. అవి జతగా తయారైనవి, ఒకదానిది ఇంకొకదానికి మార్చకూడదు. దారం పెట్టి చూసి, తుడిచి, ఆయిల్ రాసి, టార్కు చూసి బిగించాను. మూడు మెయిన్లు, నాలుగు బిగ్ ఎండ్లు. మేస్త్రికి చూపు ఆనదు కాబట్టి ప్రతి కొలతా పైకి చదివాను. ఆయన విని, తల ఊపాక తెల్లరంగు చుక్క పెట్టాను. ఏడు చుక్కలు. ఇప్పుడు అవి ఛాంబరు లోపల ఆయిల్‌లో ఉన్నాయి, మనం ఎవరం చూడం. కొలతల నోటుబుక్కు మాత్రం డాష్‌బోర్డు అరలో పెట్టాను. రేపు ఎవరు ఈ ఇంజను విప్పినా ఎక్కడ ఎంత ఉందో వాళ్ళకు తెలియాలి. మూడో నంబరు దగ్గర జరిగింది కూడా అందులో రాశాను.

సోమవారం సాయంత్రం స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెషరు ముల్లు లేచేదాకా ఇంజను తిప్పాం. ఆ తర్వాత ప్లగ్గులు పెట్టి తాళం తిప్పాను. రెండోసారికి అందుకుంది. మా అమ్మ వంటగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ చప్పుడు ఆమెకు ముప్ఫై ఏళ్ళు తెలిసిన చప్పుడు. ఏమీ మాట్లాడలేదు. మేస్త్రి మాత్రం చెవి బానెట్ దగ్గర పెట్టి చాలాసేపు విని, "బాగానే ఉంది, అయ్యగారూ" అన్నారు.

కాబట్టి ప్రియమైన సంఘమా, వచ్చే ఆదివారం కారు మందిరం ముందు ఉంటుంది. మొదటి ఐదువందల కిలోమీటర్లు నిదానంగా నడపాలి, కొత్త రింగులూ గోడలూ ఒకదానికొకటి సర్దుకోవాలి. కుర్రాళ్ళు స్పీడు అడగొద్దు. రాత్రి ఏ వేళ అక్కర పడినా మొహమాటపడకుండా తలుపు కొట్టండి. తాళం గుమ్మం పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది.

ఇంకొక్క మాట. "షాపు వాళ్ళు లేటు చేశారు" అని నేను ఎవరెవరితో అన్నానో వాళ్ళందరికీ ఇదే నా సవరణ. మీరు ఆ మాటను ఇంకెవరికైనా చెప్పి ఉంటే దయచేసి ఇది కూడా చెప్పండి.

మీ ప్రార్థనల్లో నన్నూ మా మేస్త్రి గారినీ జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు